భూదవ్వ గీసిన గీత

ముందు చప్పుడు వినిపించేది. రేకు డబ్బాలో రాయి పడి లేస్తున్న చప్పుడు. ఠంగుమని ఒకటి, కాసేపు ఆగి మళ్లీ ఒకటి. ఎల్లారెడ్డి ఊరి చివర వరి పొలాలను ఆనుకుని ఉన్న ఆ సర్కారు బడి గోడ మీద అప్పటికింకా ఎండ పడి ఉండదు. వాన తడికి గడ్డకట్టిన ముగ్గును ఎవరో చితక్కొడుతున్నారని, అంటే ఇవ్వాళ ఆట ఉందని, బండి మీద పాలు పోయడానికి పోయేవాళ్లకు కూడా తెలిసిపోయేది. చాలాసేపటికి గాని స్టోర్ రూమ్ తలుపు తెరుచుకుని మనిషి బయటికి వచ్చేది కాదు.

వచ్చే మనిషి భూదవ్వ. యాభై రెండేళ్లు. పొట్టిగా, ఎండిన కందికట్టెలా ఉంటుంది. కుచ్చిళ్లు ఎగదోపి, డబ్బాను నడుముకు ఆనించుకుని మైదానం అంచుకు రాగానే చెప్పులు విడిచేది. చేతిలో ముగ్గు ఉండగా కాళ్లకు చెప్పులు ఉండటం ఆమె ఎరగదు. వాకిట్లో ఎట్లాగో కబడ్డీ కోర్టు దగ్గరా అట్లాగే. వంగి, పిడికిలి సగం వదులు చేసి వెనక్కి నడుస్తూ పోతే, ఆమె వేళ్ల మధ్య నుంచి తెల్లని గీత నేల మీదికి దిగేది. దారం పట్టదు. తల ఎత్తి చూడదు. నేల లోపల ఎప్పటినుంచో ఉన్న గీతను పైకి తీస్తున్నట్టుండేది.

ఆ చేయి అంతకుముందు ఇరవై ఏళ్లు బీడీలు చుట్టింది. తునికాకు మీద కొలత రేకు పెట్టి కత్తిరించేటప్పుడు ఆకు కాస్త తక్కువైనా కార్ఖానాలో ఆ బీడీని పక్కన పడేస్తారు. కాబట్టి తక్కువ కొలత అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. భర్త సిద్దిరాములు దుబాయిలో పదకొండేళ్లు ఇటుకలు మోసి, నడుము పోగొట్టుకుని తిరిగొచ్చాడు. ఆ యేడు ఆమె బీడీల చాట పక్కనబెట్టి బడిలో ఊడ్చే పనికి చేరింది. ఎనిమిది గదులు ఊడ్చాలి, నీళ్లు పట్టాలి, ఆడపిల్లల బాత్రూములు కడగాలి, గంట కొట్టాలి. గీతలు గీయమని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆటల సార్ లింగయ్య ఒకరోజు నడుం వంగక అవస్థ పడుతుంటే, "ఇటియ్యి సారూ, గిదేమన్న లెక్కల పరీక్షనా" అని డబ్బా లాక్కుంది. ఆ రోజు నుంచి అది ఆమె పని. అది ఒక్కటే ఆమె పేరుతో పిలిచే పని కూడా. ఊడ్చిన గదిని భూదవ్వ గది అనరు. గీతను మాత్రం భూదవ్వ గీత అనేవాళ్లు.

ఆమెకు టేపు మీది అంకెలు చదవడం రాదు. అందుకే లింగయ్య సార్ ఒక తాడుకు గుడ్డపీలికలు కట్టి ఇచ్చాడు. తెల్ల పీలిక దగ్గర కోర్టు అంచు, ఎర్ర పీలిక దగ్గర దాటే గీత. కబడ్డీలో కూతకు పోయిన పిల్ల అవతలి జట్టులో ఎవరినీ తాకకుండా తిరిగొచ్చినా తప్పు లేదు గాని, నడిగీత నుంచి మూడు మీటర్ల దూరంలో ఉన్న ఆ గీతను మాత్రం దాటి రావాలి. దాటకుండా వస్తే ఔట్. ఒక మధ్యాహ్నం ఊరికే, తోచక, భూదవ్వ ఆ తాడు వెంబడి మడమకు వేలు ఆనించుకుంటూ నడిచి చూసింది. నడిగీత నుంచి ఎర్ర పీలిక దాకా సరిగ్గా పదమూడు అడుగులు. ఆ రోజు చేతిలో ముగ్గు లేదు. అందువల్ల కాళ్లకు చెప్పులున్నాయి. ఈ మాట ఆమె మనసులో నిలవలేదు. పదమూడు మాత్రం నిలిచింది.

లింగయ్య సార్ రిటైరై దోమకొండ వెళ్లిపోయాడు. ఆయన స్థానంలో వచ్చిన దివాకర్ సార్‌కు రెండు బళ్లు. వారంలో మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు అక్కడ. ఆ ఆగస్టులో కురిసిన వాన అందరికీ గుర్తే. స్టోర్ రూమ్‌లో రెండు రోజులు మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు తీశాక చూస్తే తాడు కుళ్లి, ముట్టుకుంటే పోగులు పోగులుగా విడిపోయింది. ఇనుప టేపు తుప్పు పట్టి డబ్బాలోంచి బయటికి రానంది.

"కొత్తది తెస్తనవ్వా," అన్నాడు దివాకర్ సార్.

"తెచ్చినప్పుడు తెద్దువు గని సారూ, పిల్లలు ఆగుతరా? తాడు కుళ్లితేంది, నా కాళ్లు కుళ్లినయా?"

డబ్బా ఎత్తుకుంది. మైదానం అంచున చెప్పులు విడిచింది. నడిగీత మీద మడమ పెట్టి పదమూడు లెక్కపెట్టింది. అక్కడ గీసింది.

రెండు నెలలు ఆ గీత మీదే ఆట.

ఆడేవాళ్లలో సాయిలత అనే పదో తరగతి పిల్ల ఉంది. నాగిరెడ్డిపేట దగ్గరి ఊరి నుంచి పొద్దుటి బస్సుకు వస్తుంది. తండ్రి వెంకటి పోచారం కాలువ కింద కూలికి పోతాడు. తల్లి బీడీలు చుడుతుంది. సన్నటి పిల్ల, కాళ్లు మాత్రం పొడుగు. కూతకు వెళ్తే మూడు అంగలు. మూడో అంగలో బొటనవేలు గీత అవతల పడుతుంది. అది పడ్డదా లేదా అని ఆమె ఏనాడూ కిందికి చూడలేదు. చూపంతా ఎదుటి పిల్లల చేతుల మీదే. "జర కింద గూడ చూడు," అని దివాకర్ సార్ అంటే, "గీత నా కాలికి ఎరుకే సార్," అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ, కొళాయి దగ్గర గిన్నెలు కడుగుతున్న భూదవ్వకు లోపల ఎక్కడో దీపం పెట్టినట్టయ్యేది.

మండలం ఆటలు ఆ బడిలోనే జరిగాయి. బయటి నుంచి వచ్చిన రిఫరీ సంచిలో టేపు ఉంది. తీయబోయి, మళ్లీ లోపల పెట్టేశాడు. "భూదవ్వ గీతకు కొలతేంది," అని విజిల్ ఊదాడు. సాయిలత ఒక్కతే పంతొమ్మిది పాయింట్లు తెచ్చింది. జిల్లా జట్టులో పేరొస్తే ఇంటర్ ఆటల హాస్టల్లో ఉండి చదువుకోవచ్చని దివాకర్ సార్ ఆ సాయంత్రం వెంకటికి ఫోన్ చేసి చెప్పాడు. రాకపోతే పది తర్వాత ఏం చేయాలన్నది ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. మాట్లాడకపోవడం అంటే ఏమిటో సాయిలతకు తెలుసు. తల్లి పక్కన ఇంకో చాట వేస్తారు.

జిల్లా ఆటలు కామారెడ్డిలో, దసరా సెలవులకు రెండు రోజుల ముందు పడ్డాయి. ఆ రోజుల్లో బడి బడిలా ఉండదు. పరీక్షలు అప్పుడే అయిపోయి ఉంటాయి. టీచర్లు పేపర్ల కట్టల మీద వంగి ఉంటారు. బతుకమ్మకు ఎవరింటి దగ్గర తంగేడు పూస్తుందో, ఎవరు గునుగు కోసుకొస్తారో అని ఆడపిల్లలు పేర్లు రాసుకుంటూ ఉంటారు. గంటకూ గంటకూ మధ్య కాలం వదులైపోయి, కిటికీ చువ్వల మీద తూనీగలా కూర్చుంటుంది. మేడమ్‌లకు పేపర్లు దిద్దే పని ఉండటంతో ఆడపిల్లల వెంట పోవడానికి ఒక ఆడమనిషి కావాలంటే, హెడ్‌మాస్టరు ప్రమోద మేడమ్ భూదవ్వను పంపింది.

బస్సులో కండక్టర్ పన్నెండు మంది పిల్లల ఆధార్ కార్డులు చూసి, ఆడవాళ్లకు ఇచ్చే ఉచిత జీరో టికెట్లు కొట్టి, భూదవ్వ దగ్గర ఆగాడు. "ఏందవ్వా, నువ్వు గూడ కబడ్డీనే?"

"ఆడుత. ముందుగాల నీ సీట్ల సంగతి చూడు. నిలవడి పోతే కాళ్లు గుంజి నీ జిల్లానే ఓడిపోతది."

బస్సంతా నవ్వింది. సాయిలత కూడా నవ్వింది. ఆ నవ్వు భూదవ్వకు బాగా గుర్తుంది. ఆ రోజు మొత్తంలో ఆ పిల్ల నవ్వింది అదొక్కసారే.

కామారెడ్డి మైదానంలో మొదటి ఆట పొద్దున పదింటికి. సాయిలత కూత పెట్టి వెళ్లింది. ఒకటి, రెండు, మూడు అంగలు. కాలు తిప్పింది, ఎవరికీ దొరకలేదు, గాలిలా తిరిగొచ్చింది. విజిల్ మోగింది. రిఫరీ గీత వైపు వేలు చూపించి చేయెత్తాడు. ఔట్.

పిల్ల నమ్మలేదు. వెనక్కి తిరిగి గీత కేసి చూసింది. వేలి గుర్తు గీతకు ఇవతలే ఉంది, జానెడు దూరంలో.

మళ్లీ అదే. ఆట చివర ఇంకోసారి అదే. మొత్తం మూడుసార్లు. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు. దివాకర్ సార్ అందరి ముందూ అరిచాడు. "కండ్లు నెత్తికెక్కినయా? మండలంల జర పాయింట్లు ఒచ్చినయని గింత టెక్కా? పగటీలి ఆటల నిహారికను పంపుత కూతకు. నువ్వు మూలకు నిలవడు."

సాయిలత తల వంచుకుంది. తన కాళ్ల వైపు, తనవి కానట్టు, ఎవరో అంటగట్టినట్టు చూసుకుంది.

మధ్యాహ్నం పిల్లలు గోడ నీడలో పులిహోర పొట్లాలు విప్పారు. సాయిలత పొట్లం విప్పలేదు. "తిను బిడ్డా," అంది భూదవ్వ. "ఆకలైతలేదవ్వా," అంది పిల్ల. ఖాళీగా ఉన్న కోర్టు ఎండలో తెల్లగా మెరుస్తోంది. భూదవ్వ లేచి అటు నడిచింది. ఎవరి గీత ఎట్లా ఉందో చూడాలన్న కుతూహలం ఆమెకు ఎప్పుడూ ఉండేదే. అంచుకు రాగానే అలవాటు కొద్దీ చెప్పులు విడిచింది. నడిగీత మీద మడమ పెట్టింది. పదమూడు లెక్కపెట్టింది.

గీత రాలేదు.

వంగి చేయి పరిచింది. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా, సరిగ్గా ఒక జాన. 'వీళ్లే తప్పు గీసిండ్రు' అనుకుంది. గుండె కుదుటపడింది. అవతలి వైపు కూడా కొలిచింది. అక్కడా జానెడే. రెండు వైపులా ఒకేలా తప్పు గీసేవాళ్లు ఉండరు. అప్పుడు ఆమెకు, ఎందుకో తెలియకుండానే, వెనక్కి వెళ్లి చెప్పులు వేసుకోవాలనిపించింది. వేసుకుంది. మళ్లీ మడమ పెట్టింది. పదమూడో అడుగు గీతను తాకి ఆగింది.

ఎండలో నిలబడి ఆమె తన పాదాల వైపు చూసుకుంది. ఎప్పటిదో ఒక మధ్యాహ్నం, ముగ్గు లేని చేతులు, ఊరికే నడిచిన నడక, అన్నీ ఒక్కొక్కటిగా వచ్చి ఎదుట నిలబడ్డాయి. ఒక్కో అడుగుకు బొటనవేలి మందం తరుగు. పదమూడు అడుగులకు జానెడు. రెండు నెలలపాటు ఆ పిల్ల కాలికి తాను నేర్పింది ఆ జానెడు తక్కువనే.

తెలిసింది ఆమె ఒక్కదానికే. తాడు లేదు. లింగయ్య సార్ దోమకొండలో ఉన్నాడు. బడిలో గీతను రేపో ఎల్లుండో వాన చెరిపేస్తుంది. ఎవరూ ఎప్పటికీ కొలవరు. ఈ ఆలోచన కూడా వచ్చిందని ఆమె దాచలేదు. తర్వాత అడిగినవాళ్లకు, అది కూడా చెప్పింది.

నేరుగా దివాకర్ సార్ దగ్గరికి వెళ్లి చెప్పింది. ఆయన మొదట అర్థం కానట్టు చూశాడు. తర్వాత ముఖం మాడిపోయింది.

"ఏం జేసినవవ్వా!"

"తప్పు జేసిన. పిల్లకు చెప్పు సారూ. దాని కాళ్లల్ల తప్పు లేదని చెప్పు."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఇప్పుడు చెప్తే పిల్ల ఇంకింత గడబిడ అయితది. గిది బయటికొస్తే మండలంల మనం గెలిచిందే తప్పంటరు. మనతోటి ఓడినోళ్లు ఊకుంటరా? ఆట కానియ్యి. తర్వాత సూద్దాం. నువ్వైతే ఎవ్వరితోని అనకు."

సార్ సాయిలతను పిలిచి, మళ్లీ కూతకు నువ్వే పో, కింద చూసుకుంటూ ఆడు అని మాత్రం చెప్పాడు. ఆ పిల్ల అట్లాగే ఆడింది. ప్రతిసారీ గీత దాటింది. కానీ ప్రతిసారీ కిందికి చూసింది. కూతకు వెళ్లిన పిల్ల చూపు నేల మీదికి దిగితే ఎదుటివాళ్లకు అంతకన్నా ఏం కావాలి? చీలమండ దగ్గర దొరకబుచ్చుకున్నారు. రెండు పాయింట్లతో ఓడిపోయారు. సాయంత్రం జిల్లా జట్టు పేర్లు చదివినప్పుడు ఆ పన్నెండు మందిలో ఒక్కరి పేరు కూడా లేదు.

తిరుగు బస్సులో సాయిలత భూదవ్వ పక్కనే కూర్చుంది. ఎల్లారెడ్డి ఇంకా కొంత దూరం ఉందనగా, కిటికీ వైపు తిరిగే అంది. "నా కాళ్లకు ఏమైందో తెల్వదవ్వా. నా కాళ్లే నాకు పగైనయి." వరి చేల మీద ఎండ పండి రాలిపోతోంది. భూదవ్వ నోట్లో మాట ఉంది. సార్ అనొద్దన్నాడు. అది ఒక కారణం. ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఆమె ఎవరి మీదా పెట్టలేదు. భయం. ఆ పిల్ల తన వైపు తిరిగి చూసే చూపు ఎట్లా ఉంటుందోనన్న భయం. కొంగుతో పిల్ల ముఖం తుడిచి ఊరుకుంది.

మర్నాడు సెలవులకు ముందు చివరి రోజు. ఆడపిల్లలంతా పట్టులంగాలతో, పూల సంచులతో వచ్చారు. కామారెడ్డిలో జరిగింది అప్పటికే బడంతా తెలిసిపోయింది. గేటు దగ్గర తొమ్మిదో తరగతి శ్రావణ్, వాడి వెనక ఇంకో నలుగురు నిలబడ్డారు. సాయిలత లోపలికి రాగానే శ్రావణ్ చేయి చాచి జాన కొలిచి చూపించాడు.

"జానెడు అక్క ఒచ్చిందిరో!"

"కండ్లద్దాలు కొనియ్యుండ్రిరా పాపం!"

సాయిలత పూల సంచి అక్కడే గోడ వారగా పెట్టి తన వరుసలోకి వెళ్లి నిలబడింది. గంట దగ్గరున్న భూదవ్వ ఇదంతా చూసింది. ప్రార్థన అయింది. దివాకర్ సార్ మైకు ముందుకొచ్చి, జిల్లా ఆటల్లో మన పిల్లలు బాగానే ఆడారు గాని కొన్ని పొరపాట్లు జరిగాయి అన్నాడు. వరుసల్లోంచి కిసుక్కుమన్న నవ్వు. అప్పుడు భూదవ్వ గంట కొట్టే ఇనుప కడ్డీ కింద పెట్టి మెట్లెక్కింది. పదేళ్లకు పైగా ఆ మెట్లు ఊడ్చింది గాని, పిల్లలు నిలబడి ఉండగా ఎప్పుడూ ఎక్కలేదు.

"ఏందవ్వా?" అంది ప్రమోద మేడమ్.

"రెండు మాటలు మేడమ్." మైకును పట్టుకోలేదు. అది దూరంగానే ఉంది. కానీ ఆ గొంతు చివరి వరుస దాకా వినబడింది. "నాకు మైకుల మాట్లాడ రాదు. గా పిల్ల కాళ్లు మంచిగనే ఉన్నయి. నేను గీసిన గీతే జానెడు తక్కువున్నది. చెప్పులు లేకుంట కొలిసిన, గందుకు తక్కువైంది. రెండు నెల్లు దానికి తప్పుడు గీత మీద ఆట నేర్పిన. మండలంల గెలిచింది గూడ గా గీత మీదనే. నిన్న పగటీలి నాకు తెలిసింది. తెలిసినంక గూడ దానికి చెప్పలే. గంతే. నవ్వుతే నన్ను చూసి నవ్వుండ్రి."

ఎవరూ నవ్వలేదు. మూడు వందల మంది పిల్లల మధ్య నుంచి గాలి మాత్రం కదిలింది. సంచుల్లో పూలు చప్పుడు చేశాయి. దివాకర్ సార్ నేల చూస్తూ, "కొలవాల్సింది నేను," అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. మైకు దగ్గర నిలబడి ఉన్నందువల్ల అదీ అందరికీ వినబడింది.

ఆ తర్వాత బతుకమ్మలు పేర్చారు, ఆడారు. సాయిలత ఆడలేదు. కొళాయి దగ్గర గిన్నెలు తోముతున్న భూదవ్వ దగ్గరికి వచ్చి నిలబడింది.

"నిన్న బస్సులనే ఎందుకు చెప్పలేదవ్వా?"

భూదవ్వ చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"నాకు రాత్రంత నిద్ర రాలే. కాళ్లను కట్టెతోని కొట్టుకుందామనిపిచ్చింది. నువ్వు ఒక్క మాటంటే అయిపోతుండె గదా."

"భయమైంది బిడ్డా."

"నాకు భయపడితివా?"

"నీకే."

పిల్ల పక్కన కూర్చుని, తోమిన గిన్నెలను ఒక్కొక్కటిగా నీళ్లలో ముంచి బోర్లించడం మొదలుపెట్టింది. అది క్షమించడమో కాదో భూదవ్వకు ఈనాటికీ తెలియదు. గిన్నెలన్నీ అయ్యేదాకా ఉండి, నాగిరెడ్డిపేట బస్సు వేళకు లేచి వెళ్లిపోయింది.

దసరా తర్వాత ప్రమోద మేడమ్ జరిగిందంతా చెప్తూ మండలం ఆఫీసుకు ఉత్తరం రాసింది. అయిపోయిన ఆటను ఇప్పుడు తిరగేసి ఏం లాభమని అక్కడ దాన్ని ఫైలులో పెట్టారు. భూదవ్వకు ఒక మెమో ఇచ్చారు. సిద్దిరాములు చదివి వినిపిస్తే విని, దాన్ని మడిచి ఆధార్ కార్డు వెనక దాచుకుంది. జిల్లా జట్టు ఎప్పుడో కట్టేశారు. పదో తరగతి వాళ్లకు ఆటల పీరియడ్ తీసేసి లెక్కలు పెట్టారు. దివాకర్ సార్ కొత్త టేపు తెచ్చాడు. ఒక చివర ఆయన పట్టుకుంటాడు, ఇంకో చివర భూదవ్వ. ఆయన అంకె చదివి "ఆఁ" అన్నాకే ఆమె పిడికిలి వదులు చేస్తుంది. లెక్కల క్లాసు కిటికీలోంచి సాయిలత ఒక్కోసారి అటు చూస్తుంది. ఒక్కోసారి చూడదు.

ఇదంతా రాసుకోవడానికి వచ్చిన మనిషిని గేటు దాకా సాగనంపి, గొళ్లెం మీద చేయి ఉంచి భూదవ్వ చివరగా అన్నది ఇది.

"రాస్తే నా పేరే రాయి బిడ్డా, నాకేం నామోషి లేదు. కామారెడ్డిల కాగితం మీద గా పిల్ల పేరు పక్కపొంటి మూడుసార్లు ఔట్ అని రాసిండ్రు. నువ్వు గట్ల రాయకు."